ముప్పై రెండు డిగ్రీలు

మధ్యాహ్నం ఒంటి గంటన్నరకి
రాస్ అల్ ఖైమా మీదుగా పోతుంది అది.
ఏడు వందల కిలోమీటర్ల ఎత్తు, పది నిమిషాల పలకరింపు.
కొండకీ ఉప్పు పర్రకీ మధ్య మా గిన్నె
మెడ తిప్పుతూ దాన్ని
ఈ అంచు నుంచి ఆ అంచుకి సాగనంపుతుంది.

ఆ గిన్నెని తెల్లారకముందే కడిగేది పోశాలు.
మెట్‌పల్లి దగ్గరి మనిషి.
పొడుగు కర్ర బ్రష్షు, రెండు బకెట్లు.
ఇసుకని తిట్టడు. తోముతాడు.

పన్నెండున్నర నుంచి మూడు దాకా బయట పని నిషేధం.
అప్పుడొచ్చి మా కారిడార్లో ఏసీ కింద కూర్చుంటాడు,
ఎవరూ అడక్కపోయినా
చెప్పులు గుమ్మం అవతలే విడిచి.

ఆ రోజు తెర మీద ఒక గడి చల్లగా ఉంది.
చుట్టూ యాభై ఆరు, యాభై ఏడు, యాభై ఎనిమిది,
కాలిన ఇటుక రంగు.
నడుమ ఒక్కటి నీలం.
ఇరవై అయిదు.

షమ్మా కుర్చీ జరుపుకొని చూసింది.
"నక్షత్రం గీరింది," అంది.
ఆమె అలాగే అంటుంది.
ఎప్పుడో పేలిపోయిన చుక్క నుంచి పేరు లేని నలుసొకటి
బంగారు రేకునీ అల్యూమినియం పెట్టెనీ
దోమతెరలోంచి గాలి దాటినట్టు దాటి
సిలికాన్‌లో ఒక చోట తగిలింది.
ఒకటి సున్నా అయింది.
ముప్పై రెండుని మోసే ఒకటి.
యాభై ఏడులోంచి ముప్పై రెండు డిగ్రీలు
చప్పుడు లేకుండా జారిపోయాయి.

పోశాలుకి చెప్పాను:
బ్రెజిల్ తీరం దాటాక
భూమి పట్టిన గొడుగు ఒకచోట పలచన అని,
అటు వెళ్లినప్పుడల్లా అది తడిసి వస్తుందని,
ఒకే లెక్కని మూడు యంత్రాలు చేస్తాయని,
రెండింటి మాట కలిస్తే మూడోదాని నోరు మూయిస్తారని,
దాని జ్ఞాపకాన్ని కూడా
రోజూ తోముతూనే ఉండాలని.

తోమడం అనగానే తలెత్తాడు.
"గాడ గూడ తోముడేనా?"
నవ్వాడు. "అయితె గాడ గూడ ఎవడో మనోడే ఉంటడు."

తర్వాత లేచొచ్చి
తెరకి వేలు తగలకుండా గాలిలోనే చూపించి
"గిది యాడ సారూ?" అన్నాడు.
సముద్రం చూపించాను. సిమెంటు ఫ్యాక్టరీ. హైవే.
మిగతాది అతనే కనిపెట్టాడు.
"గిది మా క్యాంపు."

రేకుల గదులు, గదికి ఎనిమిది మంచాలు.
"రాత్రి డ్యూటీ పోరగాండ్లు
గిప్పుడు గాడనే పండుకొని ఉంటరు."
ఆ ఇరవై అయిదుని చాలాసేపు చూశాడు.
తొలకరి వెలిసిన సాయంత్రం
మక్కచేను గట్టు మీద ఉండేంత, అన్నాడు.
లేక నేనే అనుకున్నానేమో.

"ఒక్క దినం గట్లనే ఉంచరాదుండ్రి."

ఉంచొచ్చు.
కోటి గడుల్లో ఒక గడి, ఎవడు చూస్తాడు?
షమ్మా ఏమీ అనలేదు,
కరక్ చాయ్‌లో చెంచా తిప్పుతూ కూర్చుంది.
అంకెల తోకన కాపలా బిట్లు ఉంటాయి,
తప్పిపోయింది ఎన్నోవాడో అవి చెప్పేస్తాయి,
క్యాంపు బస్సు దగ్గర తలలు లెక్కపెట్టే మేస్త్రీలా.
మీట మీద వేలు పెట్టి ఆగాను.

పోయిన నెల ఆ గదుల్లోంచి ఒకతన్ని తీసుకెళ్లారు.
నిద్రలోనే.
కాగితం మీద గుండె ఆగింది అని రాశారు.
ఎండ అని రాయడానికి
ఆ కాగితంలో గడి లేదు.
అది పోశాలుకి గుర్తొచ్చిందో, నాకొచ్చిందో.

"వద్దు తియ్యుండ్రి," అన్నాడు.
"యాభై ఏడే రాయుండ్రి.
సల్లగుండె అని రాస్తే
రేపెవడన్న గదే నమ్ముతడు."

నీలం గడి ఎర్రబడింది.
కారణం దగ్గర షమ్మా టైపు చేసింది:
కణం తాకిడి, సరిదిద్దాం.

మూడయింది.
తువ్వాల తడిపి తలకి చుట్టుకున్నాడు.
గుమ్మం అవతల చెప్పుల్లో కాలు పెట్టి
చటుక్కున వెనక్కి తీసి,
బకెట్లోంచి ఇన్ని నీళ్లు వాటి మీద పోసి
మళ్లీ పెట్టాడు.